జామకాయ వచ్చినప్పుడే నొక్కవలెను

మా జిల్లా ఆసుపత్రిలో గోడకేసి చూస్తూ కూర్చున్నందుకు జీతం తీసుకునే ఉద్యోగి ఒకడున్నాడు. అది నేనే. నా హోదా ఏకాగ్రతా పర్యవేక్షకుడు. పర్యవేక్షకుడివై ఉండి గోడకేసి తిరిగి ఏం చూస్తావని మా ఆవిడ మొదటి రోజే అడిగింది. ప్రభుత్వ ఉత్తర్వులను ఇంట్లో అర్థమయ్యేలా చెప్పగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు కాబట్టి నేనూ ఊరుకున్నాను. మీకు మాత్రం మొదటినుంచీ చెబుతాను, ఓపిగ్గా వినండి. ఓపిక లేకపోయినా ఫరవాలేదు, దానికీ మా దగ్గర పరీక్ష ఉంది.

మా ఆసుపత్రి పాత భవనంలో ఎక్స్‌రే గది పక్కన డాక్టర్ సబీహా గారి గది. జిల్లా మొత్తానికి ఆవిడొక్కరే మానసిక వైద్యురాలు. పిల్లాడు ఒకచోట కూర్చోడు, చెప్పింది సగం వినకముందే లేచిపోతాడు, రోజుకో పెన్సిలు పారేసుకొస్తాడు అంటూ తల్లులు పిల్లల్ని ఆవిడ దగ్గరికి పట్టుకొచ్చేవారు. ఈ కుదురులేనితనానికి డాక్టర్లు ఏడీహెచ్‌డీ అని పేరు పెట్టుకున్నారు. వచ్చిన పిల్లకు ఉన్నది నిజంగా అదేనా, వట్టి అల్లరా, చెవి సరిగా వినపడకపోవడమా, ఇంట్లో గొడవలకు బెదిరిపోవడమా అన్నది తేల్చడం ఆవిడ పని.

తేల్చే పద్ధతి చాలా నాటుగా ఉండేది. తల్లిని కూర్చోబెట్టి, పిల్ల ఎప్పుడు నడిచింది, రాత్రి ఎలా నిద్రపోతుంది, అన్నం ముందు ఎంతసేపు కూర్చుంటుంది అని అడిగేవారు. బడిలో టీచరుకు ఫోన్ చేసి మాట్లాడేవారు. పిల్లకు తెల్లకాగితం, రంగు పెన్సిళ్ళు ఇచ్చి, తాను వేరే పనిలో ఉన్నట్టు నటిస్తూ ఓరకంట చూస్తుండేవారు. మళ్ళీ వారం రమ్మనేవారు. మూడు విడతలు చూస్తే గానీ కాగితం మీద పెన్ను పెట్టేవారు కాదు. పెట్టాక ఆ తల్లి ఏడుస్తూ బయటికొచ్చేది. తమాషా ఏమిటంటే, ఆ ఏడుపులో సగం సంతోషమే ఉండేది.

సంయుక్త సంచాలకులు మురహరిరావు గారు ఒకసారి తనిఖీకి వచ్చి ఈ పద్ధతి చూసి నిర్ఘాంతపోయారు. వారు అప్పుడే రాజధానిలో ఒక సదస్సుకు వెళ్ళొచ్చి ఉన్నారు. సదస్సుకు వెళ్ళొచ్చిన అధికారికి రెండు నెలలపాటు ఎవరూ ఎదురు చెప్పకూడదన్నది మా శాఖలో అందరికీ తెలిసిన సంగతి. డాక్టరమ్మకు తెలిసినా లక్ష్యపెట్టలేదు.

"ఇది వైద్యమా, అమ్మలక్కల కబుర్లా?" అన్నారు మురహరిరావు గారు. "మానవ పరిశీలన అనునది స్వభావరీత్యా పక్షపాతభూయిష్ఠము. నిర్ధారణ అనునది వస్తునిష్ఠంగా ఉండవలెను."

కంప్యూటర్ పరీక్ష వస్తే మంచిదేనని, తనకూ పనికొస్తుందని డాక్టరమ్మ చెప్పారు. జ్వరానికి థర్మామీటరు లాగా దాన్ని పక్కన పెట్టుకుంటానని, అయితే థర్మామీటరు చూసి ఏ జ్వరమో చెప్పలేం కదా, మనిషిని కూడా చూడాలని అన్నారు. పక్కన పెట్టుకోవడానికి ప్రభుత్వం యంత్రాలు కొనదని మురహరిరావు గారు సెలవిచ్చారు.

యంత్రం వచ్చింది. పాత స్టోర్‌రూముకు సున్నం వేసి, ఏసీ పెట్టి, 'బాలల ఏకాగ్రతా నిర్ధారణ కేంద్రం' అని బోర్డు రాయించారు. లోపల ఒక తెర, తెర ముందు బల్ల, బల్ల మీద సాసరంత ఎర్రమీట, బల్ల ముందు కుర్చీ. తెర మీద వరసగా పండ్ల బొమ్మలు వస్తుంటాయి. మామిడి, అరటి, సీతాఫలం, బత్తాయి వచ్చినప్పుడు మీట ముట్టుకోకూడదు. జామకాయ వచ్చినప్పుడే నొక్కాలి. జామకాయ ఎప్పుడో గానీ రాదు. ఇరవై నిమిషాలు ఇదే తంతు. ఎవరి ఓపిక ఎంతో యంత్రం కొలిచి, అప్పటికప్పుడు ధ్రువపత్రం బయటికి తోస్తుంది.

ఈ పరీక్షలో రెండు సగాలుంటాయట. నొక్కకూడనప్పుడు నొక్కితే తప్పు పట్టుకునేది మొదటి సగం. నొక్కవలసినప్పుడు నొక్కకపోతే తప్పు పట్టుకునేది రెండో సగం. కొనుగోలు కమిటీ వారు తీవ్రంగా చర్చించి మొదటి సగం కొన్నారు. రెండో సగం వచ్చే ఆర్థిక సంవత్సరంలో చూద్దామన్నారు. మాకు ఇలాంటివి కొత్త కాదు. మా ఆసుపత్రికి లిఫ్టు కూడా అలాగే వచ్చింది, పైకి పోతుంది.

ప్రారంభోత్సవం నాడు మురహరిరావు గారే మొదటి పరీక్షకు కూర్చున్నారు. భోజనాలయ్యాక పెట్టుకోవడం వల్ల, మూడో బత్తాయి వచ్చేసరికి వారికి కునుకు పట్టింది. ఇరవై నిమిషాలూ మీట మీద చెయ్యి పడలేదు. ఒక్క తప్పూ లేదు. 'అభ్యర్థి నిగ్రహము అత్యుత్తమము' అని ధ్రువపత్రం వచ్చింది. చప్పట్లకు వారు మేలుకుని నమస్కారం పెట్టారు.

మర్నాడే ఉత్తర్వులు వెలువడ్డాయి. ఇకనుంచి తల్లి చెప్పింది చెల్లదు, ఎందుకంటే తల్లికి మమకారం ఉంటుంది. టీచరు చెప్పింది చెల్లదు, ఎందుకంటే టీచరుకు విసుగు ఉంటుంది. డాక్టరు చూసింది చెల్లదు, ఎందుకంటే డాక్టరుకు అభిప్రాయం ఉంటుంది. పరీక్ష జరుగుతున్నప్పుడు ఏ మనిషీ అభ్యర్థిని చూడకూడదు. చూస్తే చూపు వల్ల ఫలితం కలుషితమవుతుంది. అయితే గదిలో ఒక బాధ్యత గల ఉద్యోగి మాత్రం ఉండి తీరాలి. ఆ ఉద్యోగి గోడవైపు తిరిగి కూర్చోవాలి. రికార్డు సెక్షన్‌లో ఎవరి మొహమూ చూడకుండా ఇరవై ఏళ్ళు పనిచేసిన అనుభవం ఉందని నన్ను ఎంపిక చేశారు.

పిల్లలు రావడం మొదలుపెట్టారు. నేను చూడలేదు, విన్నాను. ఏ ప్రశ్నా వదలకుండా రాయాలని ఇంట్లో నేర్పి పంపిన బుద్ధిమంతులు ప్రతి పండుకూ నొక్కి, తీవ్రలోపం అనిపించుకుని వెళ్ళారు. జ్వరంతో బల్ల మీద తల వాల్చి పడుకున్న పిల్లలకు ఉత్తమ శ్రేణి వచ్చింది. నెల తిరిగేసరికి సంగతి ఊరంతా పాకింది. పరీక్షకు వచ్చేముందు పిల్లలకు పెరుగన్నం కడుపునిండా పెట్టి తీసుకురావడం మొదలుపెట్టారు. కేంద్రంలో గురకలు వినిపిస్తున్నాయని నేను నివేదిక పంపితే, వినడం కూడా పరిశీలన కిందికే వస్తుందని, ఇకముందు వినవద్దని జవాబు వచ్చింది.

లహరి వచ్చింది ఈ రోజుల్లోనే. ఆరో తరగతి పిల్ల. తల్లి స్వరూప బస్టాండు వెనక సందులో జాకెట్లు కుడుతుంది. లహరి ఎప్పుడూ ఒక కాలికి చెప్పుతో తిరుగుతుందని, రెండోది ఎక్కడ వదిలిందో దానికే తెలియదని స్వరూప చెప్పేది. క్లాసులో కిటికీ దగ్గర కూర్చుంటే కిటికీ దూకుతుంది, తలుపు దగ్గర కూర్చుంటే తలుపు దాటుతుంది. లెక్క మొదలుపెడుతుంది, చివరిదాకా చెయ్యదు. చెడ్డ పిల్ల మాత్రం కాదు. పక్కపిల్ల ఏడిస్తే తన టిఫిన్ డబ్బా మొత్తం ఇచ్చేసి వస్తుంది. బడిలో టీచర్లది, ఇంట్లో నాయనది ఒకటే మాట: కావాలని చేస్తుంది. ఆ మాటతో పాటు దెబ్బలు కూడా పడేవి.

డాక్టరమ్మ అప్పటికే లహరిని రెండు విడతలు చూశారు. ఇది కావాలని చేసేది కాదని, పిల్ల చేతుల్లో లేదని, మూడోసారి చూసి కాగితం రాసిస్తానని స్వరూపతో అన్నారు. సరిగ్గా అప్పుడే ఉత్తర్వులు వచ్చాయి. ఇటు బడివాళ్ళు, జబ్బు ఉన్నట్టు ప్రభుత్వ ధ్రువపత్రం తెస్తే నిబంధనల ప్రకారం ముందు బెంచీలో కూర్చోబెట్టి, పరీక్షల్లో అదనపు సమయం ఇచ్చి చూసుకుంటామని, తేకపోతే టీసీ ఇచ్చి పంపేస్తామని చెప్పారు. ఆ ఊళ్ళో లహరిని చేర్చుకోగల బడి అదొక్కటే మిగిలింది. మిగతా వాటిలో అది అప్పటికే చదివేసింది.

పరీక్ష మొదలైంది. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. మీట రెండుసార్లు చప్పుడైంది, రెండూ జామకాయలకే పడి ఉండాలి. తర్వాత కుర్చీ జరిగింది. ఒంటి చెప్పు టపటపమంటూ నా వెనకనుంచి తలుపు దాకా వెళ్ళింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. మిగతా సేపంతా తెర ఒంటరిగా మామిడిపండ్లు, అరటిపండ్లు చూపించుకుంటూ కూర్చుంది. ఆ సమయంలో లహరి అంబులెన్సు షెడ్డు చూసి, జనరేటర్ గది తొంగి చూసి, చివరికి డాక్టర్ సబీహా గారి గదిలోకి వెళ్ళి ఆవిడ స్టెతస్కోపుతో టేబులు గుండె చప్పుడు వింటోంది.

యంత్రం ధ్రువపత్రం ఇచ్చింది. 'అభ్యర్థిని నిగ్రహము అసాధారణము. రాష్ట్రములో ప్రథమ స్థానము.'

స్వరూప ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. పరీక్ష జరిగినంతసేపు బిడ్డ కుర్చీలో లేనే లేదని, వరండాలో తన ముందునుంచే ఉరికిందని చెప్పింది. నాకు తెలుసనాలంటే విన్నానని ఒప్పుకోవాలి. వినడం నిషేధం. అందుకని సంయుక్త సంచాలకులను కలవమన్నాను. వారు తలుపు తీసే ఉంచారు, ఎందుకంటే రాష్ట్రంలో ప్రథమ స్థానం తమ జిల్లాకే వచ్చిందన్న వార్త పత్రికలవారికి చెబుతున్నారు.

"సారూ, ఆ కుర్చీల నా బిడ్డ లేకుండె. ఖాళీ కుర్చీకి ఫస్టొచ్చింది," అంది స్వరూప.

"కుర్చీ ఖాళీగా ఉన్నదని మీకెలా తెలుసునమ్మా?"

"నేను చూసిన."

"అదే మేము వద్దంటున్నది," అన్నారు మురహరిరావు గారు ఎంతో సౌమ్యంగా. "చూచుట అనునది వ్యక్తినిష్ఠము. మీరు చూశారు, యంత్రం కొలిచింది. కొలతకు చూపు ఎదురు నిలువదు. అభ్యర్థిని కుర్చీలో ఉన్నదా లేదా అన్నది ఆమె వ్యక్తిగత విషయము. ఆమె ఏకాగ్రత మాత్రమే ప్రభుత్వ విషయము."

ఈ మాట తెలిసి డాక్టరమ్మకు కోపం వచ్చింది. పరీక్షాసమయంలో బాలిక తన గదిలో ఉన్నదని, కాబట్టి ఆ ఫలితం చెల్లదని రాసి సంతకం పెట్టి పంపారు. మురహరిరావు గారు దాన్ని కొట్టిపారెయ్యలేదు. వారు న్యాయంగా ఆలోచించే మనిషి. ఒక వ్యక్తి చూశానంటే నమ్మాలా వద్దా అన్నది ఆ వ్యక్తి ఏకాగ్రత మీద ఆధారపడి ఉంటుంది కనుక, డాక్టరు గారు కూడా పరీక్షకు కూర్చుని, తమ చూపు నిలకడైనదని యంత్రంతో ధ్రువీకరింపజేసుకుంటే వారి మాట పరిశీలిస్తామని రాశారు.

డాక్టరమ్మ పళ్ళు బిగబట్టి వచ్చి కూర్చున్నారు. నేను గోడవైపు తిరిగాను. చాలాసేపు అంతా సవ్యంగానే సాగింది. ఎప్పుడో ఒకసారి జామకాయ వచ్చినట్టుంది, మీట ఒక్కసారి చప్పుడయ్యేది. ఆ రోజు స్వరూప కూడా లహరిని వెంటబెట్టుకుని వచ్చి బయట కూర్చుంది. కూర్చున్నది స్వరూప మాత్రమే. కేంద్రం కిటికీలోంచి ఆసుపత్రి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. తర్వాత తెలిసిందేమిటంటే, దాని ఇనప నిచ్చెన మీద సగం ఎత్తులో లహరి గౌను కనిపించేసరికి డాక్టరమ్మ గభాలున లేచి, బల్ల మీదికి వంగి, కిటికీలోంచి వాచ్‌మన్‌ను కేకేశారు. ఆవిడ బరువంతా చేతి మీద, చెయ్యి మీట మీద. వాచ్‌మన్ పరుగెత్తి పిల్లను కిందికి దింపేదాకా ఆవిడ కన్ను ట్యాంకు మీదినుంచి తియ్యలేదు, చెయ్యి మీట మీదినుంచి తియ్యలేదు. ఆ మధ్యలో తెర మీద వచ్చిన ప్రతి మామిడికీ, ప్రతి అరటికీ, ప్రతి సీతాఫలానికీ ఆవిడ నొక్కినట్టే లెక్క.

'అభ్యర్థిని దృష్టి మిక్కిలి చంచలము. నిగ్రహము శూన్యము. వెంటనే మానసిక వైద్యులకు చూపించవలెను' అని వచ్చింది.

జిల్లాలో మానసిక వైద్యురాలు ఆవిడే. కాబట్టి డాక్టర్ సబీహాను డాక్టర్ సబీహాకు చూపించవలసిందిగా ఉత్తర్వు తయారైంది. అయితే డాక్టర్ సబీహా ఏకాగ్రత లేని వైద్యురాలని తేలింది కదా, అలాంటి వైద్యురాలికి రోగిని ఎలా అప్పగిస్తారని అకౌంట్స్ వాళ్ళు అభ్యంతరం పెట్టారు. రోగిగా ఆవిడ నయం కావాలి, నయం చెయ్యడానికి వైద్యురాలిగా ఆవిడ నయమై ఉండాలి. ఈ చిక్కు తేలేదాకా ఆవిణ్ణి సెలవు మీద పంపారు. ఎక్స్‌రే గది పక్కన గదికి తాళం పడింది. లోపల పిల్లల రంగు పెన్సిళ్ళు అలాగే ఉండిపోయాయి.

ఇక బడి సంగతి. రాష్ట్రంలోకెల్లా ఏకాగ్రత గల బాలిక తమ విద్యార్థిని అని తెలియగానే ప్రిన్సిపాల్ గారు గేటు మీద లహరి ఫొటోతో ఫ్లెక్సీ కట్టించారు. పక్క ఊళ్ళనుంచి అడ్మిషన్ల కోసం వాకబు చేసేవాళ్ళు ఎక్కువయ్యారు. అంతవరకూ బాగానే ఉంది. మర్నాడు లహరి సోషల్ క్లాసు మధ్యలో లేచి, వరండాలో తొండ ఎటు పోతుందో చూడడానికి వెళ్ళింది. ప్రిన్సిపాల్ గారు బాగా ఆలోచించారు. ఇంత నిగ్రహం గల పిల్ల లేచి వెళ్ళిందంటే అర్థం ఏమిటి? వెళ్ళకుండా ఉండగలిగి కూడా వెళ్ళింది. అంటే కావాలనే వెళ్ళింది. మిగతా పిల్లలకైతే తెలియనితనం అనుకోవచ్చు, ఈ పిల్లకు ప్రభుత్వమే హామీ ఇచ్చింది. కాబట్టి మిగతావాళ్ళకు ఒక దెబ్బ వేసేచోట లహరికి రెండు వెయ్యాలని, క్లాసు బయట నిలబెట్టాలని, అప్పటికీ మారకపోతే నెలాఖరుకు టీసీ ఇవ్వాలని నిర్ణయించారు. ఫ్లెక్సీ మాత్రం అడ్మిషన్లు అయ్యేదాకా ఉంచుతారట.

స్వరూప నా దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. చేతిలో ఆ ధ్రువపత్రం ఉంది.

"సారూ, మందిని జూసి నేను సుత నా బిడ్డను కొట్టిన. కట్టెతోటి కొట్టిన. డాక్టరమ్మ చెప్పినంక, నా బిడ్డ చేతుల లేదని తెలిసినంక, కొట్టుడు బంద్ జేసిన. దాని నాయనకు సుత చెప్పి ఆపిన," అంది. "ఇప్పుడు గీ కాయితం సదివి మా ఆయన ఏమంటున్నడో ఎరుకనా? చూసినవా, అన్ని తెలిసే చేస్తుందని సర్కారే రాసిచ్చింది అంటున్నడు. నా బిడ్డ రాత్రి నన్ను అడిగింది సారు. అమ్మా, నేను నిజంగనే కావాలని చేస్తున్ననా అని. దానికే అనుమానం వచ్చింది."

గోడకేసి చూడడం అలవాటైన మనిషిని. అయినా ఆమె చేతిలో కాగితం కేసి చూడక తప్పలేదు. ఆ కాగితం ఇచ్చిన గదిలో నేనూ ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణే కదా.

అదృష్టం అనండి, ప్రభుత్వం అనండి, అప్పుడే రాజధానినుంచి పరిశీలక బృందం వస్తున్నట్టు కబురు వచ్చింది. మా యంత్రం గొప్పగా పనిచేస్తోందని విని, దాన్ని అన్ని జిల్లాలకూ పంపవచ్చో లేదో తేల్చడానికి వస్తున్నారు. వాళ్ళ ముందు రాష్ట్ర ప్రథమురాలితో మళ్ళీ పరీక్ష చేయించి చూపించాలని మురహరిరావు గారు నిర్ణయించారు. బృందం కూడా అభ్యర్థిని చూడకూడదు కనుక వాళ్ళు పక్క గదిలో కూర్చుంటారు. ఏకాగ్రత బాగుంటే పచ్చగీత పైకి, బాగాలేకపోతే ఎర్రగీత కిందికి, పెద్ద తెర మీద వాళ్ళకు కనిపిస్తుంది.

నేను ఉద్యోగధర్మానికి విరుద్ధంగా ఒక పని చేశాను. స్వరూపను పక్కకు పిలిచి, ఈసారి జామకాయ వచ్చినా మామిడికాయ వచ్చినా ఏది వచ్చినా నొక్కుతూనే ఉండమని బిడ్డకు చెప్పమన్నాను. ఇరవై నిమిషాలు అలా నొక్కితే చాలు, కావలసిన కాగితం వస్తుందని చెప్పాను. స్వరూప ఇంట్లో పీట మీద బొట్టుబిళ్ళల డబ్బా పెట్టి రోజూ నొక్కించిందట. లహరి కూడా చివరిదాకా నొక్కుతానని ఒట్టు వేసింది.

ఆ రోజు నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. టిక్, టిక్, టిక్. పిల్ల నొక్కుతోంది. ఎంత పట్టుదలగా నొక్కుతోందో చప్పుడులోనే తెలుస్తోంది. మూడు నిమిషాలు గడిచాయో లేదో, చప్పుడు మధ్య ఎడం పెరిగింది. ఏసీ మీద పిచ్చుక వాలిందేమో, కిటికీ అవతల ఆటో హారన్ మోగిందేమో నాకు తెలియదు. మీట ఆగింది. కుర్చీ జరిగింది. ఒంటి చెప్పు టపటపమని తలుపు దాటింది.

అప్పుడు నాకు ఆ పరీక్ష అసలు స్వరూపం బోధపడింది. ఏకాగ్రత లేదని ఇక్కడ రాయించుకోవాలంటే ఇరవై నిమిషాల ఏకాగ్రత కావాలి. అది లేనివాళ్ళకు ఆ కాగితం ఎప్పటికీ రాదు.

పక్క గదిలో పచ్చగీత పైకి లేస్తున్నట్టుంది, మురహరిరావు గారి గొంతు సంతోషంగా వినిపిస్తోంది. తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి చెప్పులు జతగా, మెల్లగా వచ్చాయి. గాజులు గలగలమన్నాయి. ఎవరో పెద్దవాళ్ళు కూర్చున్న బరువుకు కుర్చీ కిర్రుమంది. మీట మోగడం మొదలైంది. టిక్, టిక్, టిక్, టిక్. ఎక్కడా తడబాటు లేదు, ఎడం లేదు. రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునే చెయ్యి అది.

తల తిప్పితే చాలు, ఆ కుర్చీలో ఉన్నదెవరో నాకు తెలిసిపోతుంది. తెలిస్తే చెప్పవలసి వస్తుంది. ఏ మనిషీ అభ్యర్థిని చూడరాదని ఉత్తర్వుల్లో స్పష్టంగా ఉంది. నా ఉద్యోగజీవితంలో ఒక నిబంధనను మనస్ఫూర్తిగా పాటించింది ఆ రోజే. నా కళ్ళు ఆ గోడ మీద సున్నం పెచ్చును వదల్లేదు. మధ్యలో ఒకసారి వెనకనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. మీట మాత్రం ఆగలేదు.

గంట మోగింది. గాజులు, చెప్పులు బయటికి వెళ్ళాయి. యంత్రం కాసేపు గిరగిర తిరిగి కాగితం తోసింది. 'అభ్యర్థిని దృష్టి ఒక్క క్షణమైనను నిలువలేదు. తీవ్ర ఏకాగ్రతా లోపము నిర్ధారణ అయినది.'

పక్క గదిలో బృందం వారు మురహరిరావు గారి మొహంలోకి చూస్తున్నారు. నేను కాగితం తీసుకుని లోపలికి వెళ్ళేసరికి వారు గొంతు సవరించుకుంటున్నారు. ఇక ఈ కేంద్రం మూతపడుతుందనే అనుకున్నాను. నాకు వారి ప్రజ్ఞ ఇంకా పూర్తిగా తెలియదు.

"మహాశయులు గమనించవలెను," అన్నారు వారు. "మొన్నటివరకు రాష్ట్రంలో ప్రథమ స్థానంలో ఉన్న బాలిక నేడు ఈ స్థితికి దిగజారినది. పది నిమిషాల క్రితం పచ్చగీతలో ఉన్న బాలిక మన కళ్ళ ముందే ఎర్రగీతలోకి వచ్చినది. వ్యాధి ప్రవేశించుచున్న క్షణాన్నే పట్టుకున్న యంత్రము ప్రపంచములో మరొకటి గలదా? పాత పద్ధతిలోనైతే ఈపాటికి వైద్యురాలు ఇంకా తల్లితో మాట్లాడుచుండెడిది."

బృందం వారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అన్ని జిల్లాలకూ యంత్రాలు పంపాలని అక్కడికక్కడే సిఫారసు చేశారు. అన్నీ మొదటి సగాలే. మురహరిరావు గారికి పదోన్నతి వస్తుందంటున్నారు. గోడకేసి చూసేవాళ్ళ పోస్టులు కూడా చాలా పడతాయట, మీ ఎరుకలో ఎవరైనా ఉంటే చెప్పండి.

నేను కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చాను. మెట్ల మీద స్వరూప కూర్చుని ఉంది, కుడిచేతి వేళ్ళు ఎడమచేత్తో ఒత్తుకుంటోంది. పక్కన సెలవు మీద ఉన్న డాక్టరమ్మ, ఆవిడ చున్నీ కొస పట్టుకుని చుడుతూ విప్పుతూ లహరి. నేను ధ్రువపత్రం ఇచ్చాను. స్వరూప దాన్ని అటూ ఇటూ తిప్పి బిడ్డ చేతికిచ్చింది. లహరి మొదటి వాక్యం బయటికి చదివి, రెండోది సగంలో వదిలేసింది.

"అమ్మా, గిది నా గురించేనా?"

"నీ గురించే."

"అంటే నేను కావాలని చేస్తలేనని రాసిండ్రా?"

స్వరూప తల ఊపింది.

"ఇగ నన్ను ఎవ్వరు కొట్టరా?"

"కొట్టరు బిడ్డా," అంది స్వరూప. "బడిల టీచర్లు కొట్టరు. మీ నాయన కొట్టడు. ఎన్నడన్న నాకు కోపమొచ్చినా, నేను సుత కొట్ట."

వరండాలో స్ట్రెచర్ ఒకటి చక్రాల చప్పుడుతో పోతోంది. కాంటీన్ పిల్లి మెట్ల మీదికి వచ్చి అరుస్తోంది. లహరి ఎటూ చూడలేదు. అమ్మ చెప్పిన ఆ మాటను, ఒంటికాలి చెప్పుతో కదలకుండా నిలబడి, మొత్తం విన్నది.